ఎక్కడ నించుని వెతుకుతున్నారు?

మా ఇంట్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను చేసిన ఉద్యోగం, ఏ వస్తువెక్కడుందో చెప్పడం. "ఏమోయ్, నా కళ్ళజోడేదీ?" అని ఆయన కేకేస్తే, "పడగ్గదిలో, బీరువా పక్క బల్లలో, రెండో సొరుగులో, కరెంటు బిల్లుల కింద" అని వంటింట్లోంచే చెప్పేదాన్ని. హాల్లో సొరుగు లాగి చూసి, "లేదే!" అనేవారు. "అసలు ఎక్కడ నించుని వెతుకుతున్నారు?" అనేదాన్ని. మీ ఇళ్ళల్లోనూ ఇంతేగా!

ఆయన పోయాక ఆ ఉద్యోగమూ పోయింది.

సంవత్సరీకాలు దగ్గరపడ్డాయి. పటం కట్టేవాడికి సాయంత్రానికల్లా ఒక మంచి ఫోటో ఇవ్వాలి. కంప్యూటర్లో ఆయన ఫోటోలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. తానున్న ఫోల్డర్లోని ఫోటోల్ని ఏడాదివారీగా సర్దిపెట్టే పైథాన్ ప్రోగ్రాం ఒకటి రాసి, డాలస్ నుంచి మా అమ్మాయి అందులో పెట్టింది. పైథానంటే కొండచిలువ కాదుట. 1991లో దాన్ని బయటికి తెచ్చిన గైడో వాన్ రోసమ్, ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరులోంచి తీసుకున్నాడుట.

నల్ల కిటికీ తెరిచి, "పైథాన్" అని, ఓ ఖాళీ వదిలి, "సర్దు.పీవై" అని కొట్టాను. అలాంటి ఫైలు లేదంది. తనెక్కడ వెతికిందో కూడా చెప్పింది. చూద్దును కదా, ఫైలు "నాన్న ఫోటోలు" ఫోల్డర్లో ఉంటే, ఇది దాని బయట నించుని వెతుకుతోంది! అచ్చం మా ఆయనే! ఉత్త పేరు చెబితే ఉన్నచోటే చూస్తుంది. ఇంకోచోటుంటే దారంతా చెప్పాలి. దారి చెప్పడం నాకొకరు నేర్పాలా? సీ డ్రైవు, యూజర్స్, నా పేరు, నాన్న ఫోటోలు, సర్దు.పీవై... మధ్యమధ్య వెనక్కి వాలిన గీతలతో సహా కొట్టాను.

ఈసారి "నాన్న" దాకా చదివి ఆగిపోయింది. నాన్న అనే ఫైలు లేదంది.

ఆ అక్షరాల్నే చూస్తూ చాలాసేపు కూచుండిపోయాను. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. తను పంపిన మెసేజి మళ్ళీ చదివాను. పేరు మధ్య ఖాళీ ఉంటే యంత్రం మాట అక్కడితో అయిపోయిందనుకుంటుందిట. దారి మొత్తాన్నీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలిట. పెట్టాను.

నిమిషంలో ఏడాదికో ఫోల్డరు వరసగా వచ్చింది. 2014 తెరిచాను. మొదటి ఫోటోలోనే ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బల్లసొరుగులో దేనికోసమో వెతుకుతున్నారు.