పిలుపు మారితే

హాజరు పట్టీలో పేరు మారిపోతే ఎంత బుద్ధిమంతుడైనా "ప్రెజెంట్ సార్" అనడు. క్లాసులోనే ఉంటాడు గాని, లేనట్టే లెక్క. ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది కంప్యూటర్ ల్యాబులో.

మా ల్యాబుకి సర్వరు ఒక్కటే. విద్యార్థికొకటి చొప్పున ఉత్తుత్తి యంత్రాలన్నీ దాని కడుపులోనే నడుస్తాయి. వాటి ఆలనాపాలనా చూసేది లిబ్‌విర్ట్ అనే సాఫ్ట్‌వేరు. యంత్రం లేవబోయేటప్పుడు, ఆగినప్పుడు, నెట్‌వర్కులో చేరినప్పుడు, మనం రాసిపెట్టిన చిన్న స్క్రిప్టుని అది పిలిచి సంగతి చెబుతుంది. దాన్నే హుక్ అంటారు. మా సీనియరొకాయన రాసివెళ్ళిన హుక్ ఒకటి ఉండేది. విద్యార్థి యంత్రం నెట్‌వర్కులో చేరగానే, జవాబులు దాచే యంత్రానికి దారి తెరవడం దాని పని.

ప్రాక్టికల్ పరీక్ష రెండు రోజులుందనగా సర్వరులో కొత్త వెర్షను ఎక్కించారు. యంత్రాలన్నీ చక్కగా లేచాయి. దారి మాత్రం తెరుచుకోలేదు. తెర మీద ఒక్క తప్పూ కనపడదు! కేబుళ్ళు పీకి పెట్టాం, స్విచ్చి మార్చాం. జూనియర్ల మొహాలు చూడలేకపోయాను.

అర్ధరాత్రి దాకా వెతికితే తేలిందేమిటంటే, 2019లోనే ఆ పిలుపు మారిపోయింది. ‘ప్లగ్డ్’ అనే మాట ‘పోర్ట్-క్రియేటెడ్’ అయింది. ‘అన్‌ప్లగ్డ్’ కాస్తా ‘పోర్ట్-డిలీటెడ్’. ఇదివరకు పిలుపు వెంట నెట్‌వర్కు వివరాలతోపాటు యంత్రం జాతకమంతా అందేది. ఇప్పుడు జాతకం లేదు, పోర్టు వివరాలే. నెట్‌వర్కు చూసే విభాగాన్నీ యంత్రాలు చూసే విభాగాన్నీ వేరు కాపురం పెట్టించారన్నమాట. మన స్క్రిప్టు, పాపం, పాత పేరు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది.

మందు పెద్దదేం కాదు. పాత పేరుకీ కొత్త పేరుకీ పలికేలా దిద్దాం. యంత్రం పేరుని పోర్టు వివరాల్లో ‘ఓనర్’ దగ్గర చదివించాం. ఎరగని పిలుపు వస్తే చిట్టాలో ఒక ముక్క రాసి, సున్నా తిరిగిచ్చేలా చేశాం. సున్నా తప్ప మరో అంకె ఇస్తే కొన్ని సందర్భాల్లో యంత్రాన్ని అసలు లేవనివ్వదు సుమా!

మార్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇల్లు పెరిగితే గోడలు జరపక తప్పదు. కాని గట్టిగా అరిచి చెడిపోయే యంత్రం కన్నా, నోరు మెదపకుండా పని మానేసే యంత్రం ప్రమాదం. అందుకే రేపు ఈ ల్యాబు చూసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మనవి ఒకటే. వెర్షను మార్చేముందు అందులోని మార్పుల జాబితా చదవండి. విడిగా ఒక యంత్రం మీద హుక్‌ని పిలిపించి చూడండి. మర్నాడు పరీక్ష రాసేది స్క్రిప్టు కాదు, తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన పిల్లలు.