మందు కంటే ముందు ఎండ

మా ఊరు మేట్టుపాళయం. ఊటీ కొండరైలు బయలుదేరేది మా ఊరి నుంచే. మా నాయన ట్రేలలో కూరగాయల నారు పెంచి కొండమీది రైతులకు అమ్ముతాడు. మా ఇంట్లో తక్కాళి అంటాము, మీకోసం టమాటా అని రాస్తున్నాను.

పోయిన డిసెంబరులో కోతగిరి రైతు ఒకాయన 2,000 టమాటా మొక్కలు తీసుకుపోయాడు. మూడో దినం ఫోను వచ్చింది. "మట్టిలో తడి ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది" అన్నాడు. నాయన మారుమాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చాడు. ఆ నెల నా హాస్టలు ఫీజు కట్టలేకపోయాము.

తడి ఉండగా వాడడమేమిటి? పుస్తకాలు తిరగేశాను. టమాటా వేడినేల మొక్క. సుమారు 10 డిగ్రీలకు దిగువన దాని వేరు నీళ్లు సరిగా లాగలేదు. ఆకు రంధ్రాలేమో వెంటనే మూసుకోవు. మొక్కలోనే పుట్టే అబ్సిసిక్ ఆమ్లం వాటిని మూయిస్తుంది. సాలిసిలిక్ ఆమ్లాన్ని కొద్దిగా ముందే చల్లితే చలిని తట్టుకునే శక్తి పెరుగుతుందట. ఇవి వెచ్చదనం ఇవ్వవు, మొక్కను హెచ్చరిస్తాయి, అంతే.

లీటరు నీళ్లకు సుమారు 70 మిల్లీగ్రాములు చాలు. అది నీళ్లలో తొందరగా కరగదు, ముందు కాస్త స్పిరిటులో కరిగించాలి. నేను ఒక ట్రేకు ఆ కొలతే చల్లాను. ఇంకొకదానికి, ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనుకొని, అయిదింతలు చల్లాను. దాని ఆకుల అంచులు మాడి, ఎదుగుదల ఆగిపోయింది.

మా అవ్వ చూసి నవ్వింది. "కొత్త కోడల్ని వచ్చిన దినమే పొయ్యికాడ నిలబెడతారామే? అలవాటు చేయాల గదా!"

ఆ మాటతో నాయన మందు చల్లిన మంచి ట్రేను, చల్లని ట్రేను రెండింటినీ వారం పాటు నీడవల కిందనుంచి తీసి బయట పెట్టాడు. నీళ్లు తగ్గించాడు. కోతగిరి రైతును బతిమాలి రెండూ పక్కపక్కన నాటించాము. రెండూ నిలబడ్డాయి. మందు చల్లినవి మొదటి పొద్దుల్లో తక్కువ వాడాయి. ఒక్కసారి చూసినదాన్ని సూత్రమని చెప్పను. అయితే అలవాటు చేయకుండా ఒక్క మొక్కనూ నాయన ఇప్పుడు కొండెక్కించడు.

కొలత మరిచిపోకుండా గోడకు కాగితం అంటించాను. నాయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. 70 అన్న అంకె తానే చూసుకుంటాడు. దాని కింద రాసిన "మందు కంటే ముందు ఎండ" అన్న మాట మాత్రం, నేను ఇంటికి పోయినప్పుడల్లా నాచేత చదివించుకుంటాడు.