సత్రం నెత్తిన తట్టెడు చౌడు

“సత్రం భోజనం, మఠం నిద్ర” అనే మాటను మనవాళ్లు పనీపాటా లేనివాణ్ణి వెక్కిరించడానికి వాడుకుంటారు. భోజనం మాట అట్లా వుంచి, ఆ సత్రాన్ని దేనితో కట్టారు, అది ఇన్నేళ్లు ఎట్లా నిలబడింది అని అడిగేవారు మాత్రం అరుదు.

మా కడప, కర్నూలు సీమలో ఒకప్పుడు సత్రం లేనిదే ప్రయాణం లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప దాటి అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ వెళ్లారు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ సత్రమున్నది అని ఓపికగా రాసి పెట్టారు. అంతకు మూడేళ్ల ముందు, 1827 జూలైలో, మద్రాసు గవర్నరు మన్రో దొర పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం మద్రాసులో గుర్రం మీద విగ్రహం పెట్టారు. ఈ సీమలో మాత్రం పత్తికొండలో బావి తవ్వించి తోపు వేయించారు, గుత్తిలో సత్రం కట్టించారు. ఎక్కడ ఏది కావాలో దొరలకు కూడా తెలిసింది!

మా తాతగారి వూళ్లో, పాత బాట పక్కన, ఒక చిన్న సత్రం వుంది. ముందు పంచ, లోపల పడసాల, వెనక వంటకు రెండు గదులు. గోడలు రాళ్లూ మట్టీ. అయితే మిద్దె బరువు గోడల మీద లేదు. గోడ వారగా నిలిపిన కొయ్య కంబాల మీద వుంది. చెద పట్టకుండా ఒక్కొక్క కంబం కింద ఒక రాతి దిమ్మ. కంబాల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటిమీద కట్టె చీలికలు, ఆకూ కంపా, ఆపైన బంకమట్టి, అన్నింటి మీదా చౌడు.

ఈ చౌడు సంగతి కాస్త చెప్పాలి. పంట పండని ఉప్పునేల మట్టి అది. తడి తగలగానే సన్నగా వుబ్బి సందులన్నీ మూసుకుంటుంది. నీటిచుక్కను కిందికి దిగనివ్వదు. ఏడాదికి 30 అంగుళాల వాన కూడా పడని మైదానంలో ఇంతకంటే చవకైన కప్పు లేదు. మందపాటి మట్టి కాబట్టి ఎండాకాలం లోపల చల్లన. రాత్రి మిద్దె మీద పడక. ఒకటే షరతు: ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు పోసి తొక్కాలి.

ఈ సత్రం ఎన్నేళ్ల నాటిదని ఒకసారి అక్కడ పనిచేస్తున్న ముసలి వడ్రంగిని అడిగాను.

“ఏది ఎన్నేండ్లదని అడుగుతాండావు సామీ?” అన్నాడాయన. “ఆ దూలం మా నాయన ఎక్కించింది. ఈ నాలుగు దంతెలూ నేను మార్చినా. కంబాలు మాత్రం మా జేజినాయన కంటే ముందువి. ఎర్రచందనం!”

నేను నివ్వెరపోయాను. నేడు దొంగల భయానికి కాపలా పెట్టే ఆ చెట్టును, ఒకనాడు కడప కొండల కింది వూళ్లలో ఇంటికి కంబాలుగా నాటేవారు.

ఆయన మాట పట్టుకుని చూస్తే సత్రం చరిత్ర అంతా కంటికి కనబడింది. పడసాల అన్నింటికంటే పాతది: కొయ్యా మట్టీ. పంచ తరవాతిది: కొయ్యకు బదులు పాత రైలు పట్టాలు దూలాలుగా వేసి, వాటిమీద కడప బండలు పరిచారు. వంటగదుల మీది సిమెంటు కప్పు మొన్న మొన్నటిది. మధ్యలోని ఆ పట్టాలను చూస్తే నవ్వు వస్తుంది. 1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు రాయచూరు వద్ద కలిశాయి. కడప మీదుగా రైలు నడిచాక బాటసారులు తగ్గారు. సత్రాన్ని ఖాళీ చేసిన రైలే దానికి దూలాలూ ఇచ్చింది.

లండనులోనూ ఇదే కథ. అక్కడి జార్జి సత్రం అగ్నిప్రమాదం తరవాత 1677లో తిరిగి కట్టినది, కొయ్య వసారాలతో. గుర్రపు బండ్లు పోయి రైళ్లు వచ్చాక, రైలు కంపెనీయే 1889లో దానిలో చాలాభాగం పడగొట్టించింది. మిగిలిన ఒక్క వరుసను 1937లో నేషనల్ ట్రస్టు చేతికి తీసుకుంది. నేడు దానిని చూడడానికి దేశదేశాల నుంచి వస్తారు.

మా వూరి సత్రానికి అంత భాగ్యం కోరను. పెద్దలు దానిని పడగొట్టి కల్యాణమండపం కట్టాలంటున్నారు. పెళ్లిళ్లకు చోటు కావలసిందే, కాదనడం లేదు. కాని వెనక స్థలం చాలానే వుంది. మండపం అక్కడ లేస్తే పడసాల ముందు నిలిచి వుంటుంది, పెళ్లివారికి చల్లని విడిది అవుతుంది. కంబాలు మరో వందేళ్లు మోస్తామంటున్నాయి. వాటికి కావలసిందల్లా తొలకరికి ముందు నలుగురు మనుషులు, నలభై తట్టల చౌడు. అది ఆగి మూడేళ్లయింది. పోయిన వానకు పడసాల మూల మొదటిసారి కారింది.