ఎండుగడ్డిలో వసంతం

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, టెక్సాస్‌లో ఉన్న పిల్లల దగ్గర్నుంచి వాట్సప్‌లో ఫొటోలు మొదలవుతాయి. కనుచూపు మేర నీలిరంగు బ్లూబోనెట్ పూలు... మధ్యలో బోసినవ్వుల మనవడు! 'మనకెక్కడివిలే ఇలాంటివి' అనుకునే తాతయ్యలూ అమ్మమ్మలూ పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో చాలామందే ఉంటారు. నిజానికి అలాంటి పచ్చికబయళ్లు మనకూ ఉన్నాయి. కాకపోతే మన దగ్గర వసంతం పచ్చగా రాదు, ఎండుగడ్డి రంగులో వస్తుంది. అందుకే కళ్లెదుట ఉన్నా కనపడదు.

పుప్పాలగూడ, ఖాజాగూడ, నార్సింగి, కోకాపేట, గచ్చిబౌలి... ఇప్పుడు అద్దాల మేడలకు చిరునామాలైన ఇవన్నీ ఒకప్పటి పల్లెలే. పశువుల మేతకు వదిలిన గడ్డినేలను ఇక్కడివాళ్లు 'కంచ' అంటారు. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది ఆ మాటే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు, వాటి సందుల్లో పలచటి మట్టి, అందులో గడ్డి, అక్కడక్కడా ముళ్లపొదలు. దక్కను పచ్చికబయలు రూపం ఇదే.

ఆకు రాలితేనే అందం

ఈ నేలను కెమెరాలో పట్టుకోవడానికి ఫిబ్రవరి రెండోవారం నుంచి ఉగాది దాకా మంచి సమయం. అప్పటికి చెట్లు ఆకులు రాల్చేస్తాయి. మోడుల మీద పూలొస్తాయి. మోదుగ నిప్పురవ్వలు కక్కుతుంది. హోలీకి రంగు కాచుకునేది ఈ పూలతోనే. బూరుగు చెట్టు ఎర్రటి దొప్పల్లాంటి పూలు విప్పుతుంది. రాతిగుట్టల్లో పెరిగే కొండగోగు అయితే ఒక్క ఆకూ లేకుండా పసుపుపచ్చటి పూలతో నిలబడుతుంది. ఆకులు అడ్డులేవు కాబట్టి పువ్వూ, దానిమీద వాలిన పిట్టా రెండూ స్పష్టంగా దొరుకుతాయి.

పూసిన మోదుగ దగ్గర ఓ అరగంట కదలకుండా కూర్చుని చూడండి. తేనె కోసం గోరింకలు గుంపులుగా దిగుతాయి. వాటిలో నల్లటి తల, గులాబిరంగు ఒళ్లు ఉన్నవి కనిపిస్తే వదలకండి. అవి మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చిన అతిథులు. ఏప్రిల్ ప్రాంతంలో తిరుగు ప్రయాణం కడతాయి.

నేలమీదా చూపు నిలపండి. గడ్డి చామంతి, ముళ్ల ఆకుల మధ్య పచ్చటి పూల బలురక్కసి, జిల్లేడు గుత్తులు... దారిపక్క మొక్కలేగా అని తీసిపారేస్తాం. మోకాళ్ల మీద కూర్చుని, పువ్వు ఎత్తుకు కెమెరా దించి, వెనక నుంచి ఎండ పడేలా తీస్తే అవే ఎంత మారిపోతాయో! జిల్లేడు దగ్గర నారింజరంగు సీతాకోకచిలుకలు తరచూ కనిపిస్తాయి. వాటి గొంగళిపురుగులు తినేది ఆ ఆకులే మరి.

గులకరాళ్లా... గుడ్లా?

కరెంటు తీగమీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మామూలుగానే ఉంటుంది. రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. దసరానాడు దాన్ని చూడటానికి ఊరి పొలిమేర దాకా వెళ్లేవాళ్లం కదా... దాని అసలు విన్యాసాలు మొదలయ్యేది మాత్రం వసంతంలో. జత కోసం మగపిట్ట పైకెగిరి, అరుస్తూ, గాల్లో పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తక్కువ కాకుండా పెట్టుకుంటేనే ఆ రెక్క నిలిచి కనిపిస్తుంది.

తీతువు పిట్ట ఇంకో వింత. గూడంటూ కట్టదు. నేలమీద చిన్న గుంటలో, గులకరాళ్ల మధ్య, గులకరాళ్ల రంగులోనే సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మార్చిలోనే ఇది మొదలవుతుంది. ఎవరైనా దగ్గరికొస్తే తలమీదుగా తిరుగుతూ గోల చేస్తుంది. అది అరుస్తోందంటే మీరు దాని ఇంటి గడపలో ఉన్నారన్నమాట. ఫొటో మాట మరచి వచ్చిన దారినే వెనక్కి నడవడం మర్యాద.

బంజరు అనే పేరు

వానల్లేని కాలంలో ఎండిపోయి కనిపించడమే ఈ నేలకు శాపమైంది. పొదలతో నిండిన ఇలాంటి భూములు ప్రభుత్వ లెక్కల్లో బంజరు కింద చేరుతుంటాయి. కానీ గడ్డి పైన ఎండినా వేళ్లు బతికే ఉంటాయి. తొలకరి పడగానే చిగురిస్తాయి. కొట్టుకుపోకుండా మట్టిని పట్టి ఉంచేదీ, వాననీటిని నేలలోకి దించేదీ అవే.

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధర ముందు తీతువు గుడ్లు ఎవరికి ఆనతాయి! హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆ రోజుల్లో అసలు ఫొటోలతోపాటు కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలూ ప్రచారంలోకొచ్చి పెద్ద వివాదమైంది. అలాంటప్పుడు ఫలానా తేదీన, ఫలానా చోట తీసిన నిజమైన ఫొటో విలువ ఎంతో వేరే చెప్పాలా? తీసిన ఫొటోను తేదీ, చోటు వివరాలతో ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో చేరిస్తే అది శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పిల్లలూ పాల్గొనవచ్చు. పావుగంట బాల్కనీలో నిలబడి లెక్కపెట్టినా చాలు.

పొద్దు వాలేవేళ

మార్చిలో ఇక్కడ సూర్యుడు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. గంట ముందే చేరుకోండి. కిరణాలు ఏటవాలుగా, దుమ్ములోంచి ఎక్కువ దూరం ప్రయాణించి వస్తాయి కాబట్టి నీలం చెదిరిపోయి ఎరుపూ నారింజా మిగులుతాయి. గడ్డి కొసలన్నీ బంగారు తీగలవుతాయి. ఫోన్‌తో తీసేవాళ్లు తెరమీద ఆకాశాన్ని తాకితే వెలుగు తగ్గి, బండలు నల్లటి నీడల్లా తీరుగా వస్తాయి.

దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి ఉన్న ఖాజాగూడ గుట్టలెక్కితే పడమటి దిక్కున ఆకాశహర్మ్యాలు, మెడ చాచిన కొంగల్లాంటి క్రేన్ల వెనక పొద్దు వాలుతుంది. మేడలు లేని పొద్దు కావాలంటే గండిపేట వెళ్లండి. మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన ఈ చెరువులో ఎర్రటి ఆకాశం మొత్తం దిగుతుంది. అక్కణ్నుంచి చిలుకూరు వైపు వెళితే మృగవని జాతీయవనం. దుప్పులు, కణుజులు అక్కడి ప్రత్యేకత. వేళలు ముందుగా కనుక్కుని బయల్దేరండి.

గుట్టలకు వెళ్లేటప్పుడు నలుగురు కలిసి వెళ్లడం, చీకటి పడకముందే దిగడం మంచిది. బూట్లు, మంచినీళ్లు తప్పనిసరి. అగ్గిపుల్ల మాత్రం వద్దు, ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక, తీసిన వాటిలో మంచి మోదుగ ఫొటో ఒకటి ఎంచి టెక్సాస్‌కు పంపండి. ఈసారి ఆశ్చర్యపోవడం మనవడి వంతు!