రెండంగుళాలు

మా కోనసీమలో ఎవరైనా ఏదైనా ఎత్తు పెంచుకోవాలని చూస్తారు గాని తగ్గించుకోవాలని చూడరు. ఇల్లు కట్టబోతుంటే మొదట అడిగేది గదులెన్ని అని కాదు, పునాది ఎంత ఎత్తని. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెంచుకుని వచ్చాక, గోడల మీద ఆ నీటి చార చూసుకుని అరుగులు లేపుకున్నవాళ్ళు ఎంతమందో! పశువుల పాకా ఎత్తే, గడ్డిమేటూ ఎత్తే, ఆఖరికి తులసికోటా ఎత్తే. అలాంటి చోట మా అబ్బాయి "తాతగారి కారు కిందికి దింపుతాను" అన్నాడంటే, వాడు దాన్ని ఏ గోతిలోకి దింపుతాడోనని మా వీధిలో సగంమంది చూడ్డానికి వచ్చారు.

కారంటే అంబాసిడరు. 1967లో మా మామగారు కొన్నది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యేది. 2014లో ఆ తయారీ ఆపేశారు కూడాను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డు అని పుట్టిన బండి, ఇక్కడికొచ్చి పూర్తిగా మనదైపోయింది. స్టీరింగు పక్కనే చేతి గేరు, ముందు సీటు బల్లలాగా ఒకటే, వెనక సీట్లో నలుగురు పెద్దలూ వాళ్ళ ఒళ్ళో నలుగురు పిల్లలూ.

మాది రాజోలు దగ్గర. పుట్టిల్లు నరసాపురం. 1984లో నేను అత్తవారింటికి వచ్చింది ఈ కార్లోనే, సఖినేటిపల్లి రేవుకి పంటు మీద. బల్లలు వేసి కారును పంటు మీదికి ఎక్కించేవారు. ఆ బల్లల మీదా, తర్వాత కాలవగట్టు మీదా, వానాకాలంలో ఎడ్లబళ్ళ గాడుల్లోనూ పొట్ట తగలకుండా పోవాలంటే బండి అంత ఎత్తు వుండాల్సిందే. ఆ ఎత్తు సోకు కాదు. మా రోడ్లు ఎలా వుండేవో దానికి తెలుసు.

అయితే ఆ ఎత్తుతో ఇబ్బందల్లా ఆడవాళ్ళకి. పట్టుచీర కట్టుకుని, కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, అరుగెక్కినట్టు కాలెత్తి ఎక్కాలి. అందుకని మామగారు డిక్కీలో ఒక పీట పెట్టించారు. మామూలు టేకు పీట. పెళ్ళికూతుళ్ళకీ, ముసలమ్మలకీ, నెలలు నిండినవాళ్ళకీ డ్రైవరు ముందు దిగి ఆ పీట వేసేవాడు. నేను మధుపర్కాలతో దాని మీద కాలు పెట్టాను. నాలుగేళ్ళకి, నొప్పులతో అర్ధరాత్రి ఆసుపత్రికి బయల్దేరుతూ మళ్ళీ పెట్టాను. అప్పుడు పుట్టినవాడే, ఇప్పుడు కారు దింపుతానన్నవాడు.

86 వరదలో కారు తలుపుల దాకా నీళ్ళు నిలిచాయి. కడిగి తుడిచి మళ్ళీ నడిపారు. 1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరిచెట్టు షెడ్డు మీద పడి కారు నెత్తి సొట్టపోయింది. ఆ యేడు కోనసీమలో పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య ఒక కారు సొట్ట గురించి ఏడ్చే తీరిక ఎవరికుంది? ఇటికల మీద నిలబెట్టి గుడ్డ కప్పారు. ఆ మరుసటేడు మామగారు పోయారు. గుడ్డ అలాగే వుండిపోయింది.

2020 మార్చిలో లాక్‌డౌను పెట్టగానే హైదరాబాదు నుంచి అబ్బాయి వచ్చిపడ్డాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాడికీ మావారికీ అప్పటికి అయిదారేళ్ళుగా సరైన మాటల్లేవు. వాడి పెళ్ళి దగ్గర మొదలైంది, వివరాలెందుకు లెండి. ఫోను చేస్తే "నాన్నగారు బాగున్నారా?" అని నన్నడిగేవాడు. పక్కనే వుండి ఆయన "బాగున్నానని చెప్పు" అనేవారు. నేను మధ్యలో టెలిఫోను ఎక్స్ఛేంజిని.

వాడు పొద్దున కంప్యూటరు ముందూ సాయంత్రం షెడ్డులోనూ వుండేవాడు. వారం రోజులు మావారు వరండాలోంచి చూస్తూ కూచున్నారు. ఎనిమిదో రోజున వాడొక నట్టుతో కుస్తీ పడుతుంటే, ఇక వుండబట్టలేక లేచి వెళ్ళి, "అది మిల్లీమీటర్ల పానాకి రాదు. ఈ బండి నట్లన్నీ అంగుళాల లెక్క" అని, అటకమీంచి మామగారి పానాల సంచీ దింపారు. అయిదేళ్ళలో వాడితో సూటిగా ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. నేను వంటింట్లో పోపు మాడినా కదల్లేదు.

ఇంక పని సంగతి చెప్పొద్దూ! ఇంజను దింపి లేత్ వర్కుకి రాజమండ్రి పంపారు. విజయవాడ ఆటోనగర్ నుంచి పిస్టన్లు, రింగులు, రబ్బరు సామానూ వచ్చాయి. 2000 నుంచి పెట్రోల్లో సీసం కలపడం మానేశారట, పాత ఇంజన్లలో వాల్వులకి ఆ సీసమే మెత్తలాగా పనిచేసేదట, అంచేత గట్టి ఉక్కు సీట్లు వేయించాలట. కొత్తగా పళ్ళు కట్టించుకున్నట్టన్నమాట. అడుగు రేకు తుప్పుపట్టి జల్లెడైపోతే కోయించారు. గడపల కింద బోలుగా వున్న చోట్లలోంచి గట్టిపడిన ఒండ్రుమట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. 86 నాటి గోదావరి. ఊడ్చి పారేద్దామని నేను చీపురు తెస్తే, మావారు "ఆగు" అని ఒక పెళ్ళ తీసి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టారు. ఏం చేసుకుంటారో నేనడగలేదు.

అంతా సవ్యంగా వుందనుకునేలోగా ఈ దింపుడు గొడవ వచ్చింది. రెండంగుళాలు దింపితే బండి అందమే వేరని అబ్బాయి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ వైపు మెక్సికన్ కుర్రాళ్ళు దీన్నొక కళ చేశారట. మొదట్లో డబ్బుల్లేక డిక్కీలో ఇసుక బస్తాలు వేసి దింపేవారట. కారు చక్రం అంచు కంటే కిందికి ఏ భాగమూ రాకూడదని కాలిఫోర్నియా ప్రభుత్వం 1958లో చట్టం పెడితే, మరుసటేడే రాన్ అగీరే అనే కుర్రాడు హైడ్రాలిక్ పంపులు బిగించుకున్నాడట. పోలీసు కనబడితే మీట నొక్కి లేపడం, వెళ్ళిపోగానే దింపుకోవడం.

"ఇసుక బస్తాలెందుకురా? యాభై కొబ్బరికాయలూ, మీ మేనత్తనీ ఎక్కిస్తే అదే దిగుతుంది" అన్నారు మావారు.

హాస్యానికన్నారు గాని ఆయనకి కోపమే వచ్చింది. వాళ్ళ నాన్న బండి కదా. పైగా చట్టాలంటే ప్రాణం. కంపెనీ చేసిన దానికి తేడాగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నేను తలదించుకోను అని ఆయన. అబ్బాయి నన్ను కూచోబెట్టి బోధించాడు. ఈ బండికి ముందు చక్రాల దగ్గర స్ప్రింగు చుట్టలుండవుట. అడుగున బారుగా రెండు ఉక్కు కడ్డీలు, మనం తడిచీర పిండినట్టు మెలి తిరుగుతూ బరువు మోస్తాయి. ఆ మెలి కాస్త సడలిస్తే ముందు దిగుతుంది, బిగిస్తే లేస్తుంది. ఏళ్ళు గడిచి కుంగిన బళ్ళకి పాత మేస్త్రీలు చేసే పనే అది. వెనక కమాను పట్టీల వంపు తగ్గిస్తే చాలు. కొయ్యడం లేదు, అతకడం లేదు.

నెల రోజులు షెడ్డు మళ్ళీ మూగపోయింది. నేను మళ్ళీ ఎక్స్ఛేంజి.

ఈలోగా 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయింది. మా అత్తగారికప్పుడు ఎనభై ఆరు. ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చూడని భీష్మ ఏకాదశి తీర్థం లేదు, మోకాళ్ళు మొరాయించిన ఈ మూడేళ్ళూ తప్ప. ఫిబ్రవరికల్లా కొత్త రథం తయారవుతోందని తెలిశాక, "నన్నోసారి తీసుకెళ్ళండర్రా" అన్నారు. అంతకుముందు ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగడం నేను వినలేదు.

ఆటో ఎక్కలేరు, బస్సు సంగతి సరేసరి. సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం షెడ్డు దాకా నడిపించుకెళ్ళాం, చూద్దామని. పాత ఎత్తులోనే వుంది కారు. పీట వేశాం. ఆవిడ పీట ఎక్కడానికే ఒకళ్ళు పట్టుకోవాలి, దాని మీంచి కారెక్కడానికి ఇద్దరు. పీట అటూ ఇటూ వూగింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకుని, "ఎందుకులే, ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటాను" అన్నారు. మొహం చూడలేకపోయాను.

యాభయ్యేళ్ళు ఈ కారు గురించి మాట్లాడని మగాడు మా ఇంట్లో లేడు. అది ఒక పీటెత్తు ఎక్కువని ఆడవాళ్ళందరికీ తెలుసు. మాకు పీట వేసి ఊరుకున్నారు, మేమూ ఎక్కి ఊరుకున్నాం. ఆవేళ మాత్రం నేను ఊరుకోలేదు. "మీ చట్టాలూ మీ అందాలూ తర్వాత చూసుకోండి. ఆవిడ కాలు ఎంతవరకు లేస్తుందో కొలిచి, అంతకి దింపండి" అన్నాను.

మావారు జేబులోంచి టేపు తీశారు. గచ్చు మీద వాళ్ళమ్మ పాదం దగ్గర గొంతుక్కూచుని కొలిచారు. చాలాసేపు కొలిచారు. తర్వాత అబ్బాయితో, "రెండు చాలవురా. రెండున్నర పోతుందా?" అన్నారు.

"రెండున్నరైతే సైలెన్సరు తగుల్తుందండి నాన్నగారూ."

"అయితే రెండే చెయ్యి."

రిజిస్ట్రేషను రెన్యూవలూ, జరిమానాలూ, ఇన్సూరెన్సూ అన్నీ ఆయనే దగ్గరుండి చేయించారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి కడ్డీల సంగతి తనే ముందు చెప్పేసి వచ్చారు, అడగకపోయినా. అన్నట్టు 2021 జూలైలో, యాభయ్యేళ్ళు దాటిన బళ్ళకి వింటేజి రిజిస్ట్రేషనని కేంద్రం కొత్త నియమాలు పెట్టింది. ఛాసిస్సూ, బాడీ, ఇంజనూ మార్చకూడదని అందులో వుంది. కడ్డీల ఊసు లేదని ఆయన ఆ కాగితం నాకు మూడుసార్లు చదివి వినిపించారు.

తీర్థం రోజున అత్తగారు ముందు సీట్లో, పీట లేకుండా, ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఎక్కి కూచున్నారు. మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. ఇప్పుడు గాడుల్లేవు, తారురోడ్డే. కాని గుడికొకటి, చర్చికొకటి, బడికొకటి స్పీడుబ్రేకర్లు! వాటిలో మూడు మా సైలెన్సరుని పలకరించాయి. రంగుల్లో మెరిసిపోతున్న రథాన్ని ఆవిడ కారద్దంలోంచే చూశారు. జనంలోకి దిగనివ్వలేదు మేము.

పీట ఇప్పుడు షెడ్డులో వుంది. దాని మీద కూచుని తండ్రీకొడుకులు వంతులవారీగా బండి కింద దూరుతుంటారు. వెనకవైపు ఒక్క అరంగుళం లేపితే సైలెన్సరు తగలదని మావారు, లేపితే అందం పోతుందని వాడూ. నా చేత కబుర్లు పంపించుకోవడం మానేసి, ఏకంగా వీధి చివరికి వినబడేలా అరుచుకుంటున్నారు.