ఆటగాడి పక్షాన ఒక నియమం

ఒప్పందం గడువు తీరి, ఏ జట్టుతోనైనా బేరమాడుకునే స్వేచ్ఛ పొందిన బేస్‌బాల్ ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు. యజమాని ఒప్పందాన్ని ఏటేటా తానే పొడిగించుకుంటూ ఆటగాణ్ణి కట్టిపడేసిన రిజర్వ్ నిబంధన ఒక్క ఏడాదికి మించి చెల్లదని 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల వివాదంలో తీర్పు చెప్పాకే అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్లకు ఈ స్వేచ్ఛ విస్తృతంగా దక్కింది. అయితే ఆ లీగులో జట్టు ఖర్చుకూ అదుపు ఉంది: జట్టు మొత్తం జీతాలు ఒక హద్దు దాటితే దాటిన మేరకు పన్ను పడుతుంది. 2024లో ఆ హద్దు 23.7 కోట్ల డాలర్లు. అదైనా యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ నడుమ బేరమాడి కుదుర్చుకున్నదే.

అభిమానులు ఆడుకునే అనుకరణ లీగులో ఆటగాళ్ల సంఘమనే ఆ రెండో పక్షం లేదు. అసలు ఆటగాళ్ల గణాంకాలను అంకెలుగా మార్చి కార్డుల మీద ముద్రించి, పాచికలు వేసి ఆట ఫలితాన్ని తేల్చే పద్ధతిని 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ బహుళ ప్రచారంలోకి తెచ్చింది. తరువాత ఆ పనిని కంప్యూటర్లూ అందుకున్నాయి. కొందరు అభిమానులు తలా ఒక జట్టును తీసుకుని ఏళ్ల తరబడి నడిపే ఈ లీగుల్లో డబ్బు ఊహే కనుక, నియమం తప్ప దానికి బరువునిచ్చేది మరొకటి లేదు. ఔట్ ఆఫ్ ద పార్క్ వంటి కంప్యూటర్ ఆటలో ఆటగాడికి విధేయత, ధనాశ, గెలుపు కాంక్ష వంటి గుణాలను కల్పించారు గనుక అతడు పెద్ద మొత్తాన్ని సైతం కాదనగలడు. కార్డుకు ఆ ఇచ్ఛ లేదు, ఎవరి పాట ఎక్కువైతే వారి వెంట పోతుంది.

అందుచేతనే వేలంపాట తీరు కీలకమవుతుంది. బహిరంగంగా పాడితే గడువు ముగిసే క్షణంలో మేలుకుని ఉన్నవారికి లాభం. ఎవరి మొత్తాన్ని వారు గుట్టుగా రాసి పంపే సీల్డు పాటలో ఆ చిక్కు తీరినా, ఎదుటివారి మనసు తెలియక విలువకు మించి రాసి నష్టపోయే ప్రమాదం మిగులుతుంది. అత్యధికంగా పాడినవారు రెండో పెద్ద పాట మొత్తాన్నే చెల్లించే పద్ధతిని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో విశ్లేషించాడు. ఇందులో తాను నిజంగా కట్టిన విలువనే రాయడం ఎవరికైనా మేలు కనుక, చిన్న లీగులకు ఇదే ఉత్తమం. అయితే పాటలన్నీ చూసే నిర్వాహకుడికీ ఒక జట్టు ఉండటం సాధారణం కాబట్టి, అతడి పాట అందరికంటే ముందే మరొకరి చేతికి చేరాలి.

పోటీపడకుండా కుమ్మక్కయ్యే బెడద ఇంకా లోతైనది. 1985 నుంచి 1987 వరకు మేజర్ లీగ్ యజమానులు ఫ్రీ ఏజెంట్ల కోసం పోటీపడకుండా కూడబలుక్కున్నారని మధ్యవర్తులు తేల్చగా, చివరికి 28 కోట్ల డాలర్ల పరిహారానికి రాజీ కుదిరింది. అక్కడ ఫిర్యాదు చేయడానికి సంఘం ఉంది. కార్డుకు సంఘం లేదు కనుక, ప్రతిభను బట్టి కనీస ధర నిర్ణయించడం, ఒప్పందం మధ్యలో ఆటగాణ్ణి వదిలేస్తే మిగిలిన జీతంలో కొంత భాగాన్ని ఆ జట్టు ఖాతాలోనే ఉంచడం అనే రెండు నియమాలను మొదటి వేలానికి ముందే రాసుకోవాలి. జట్టును వదిలి వెళ్లే వ్యక్తి ముందుచూపు లేకుండా చేసిన దీర్ఘకాల ఒప్పందాల భారం, ఆ వేలంలో పాలే లేని కొత్త వ్యక్తి మీద పడుతుంది కాబట్టి, ఒప్పందాల నిడివికీ హద్దు ఉండటం న్యాయం.