ఓడ దిగేముందు మోకాళ్ళనడగండి

విహారయాత్రకి బయల్దేరే కుటుంబాలవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ గురించి డాక్టర్ని అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "తీసుకెళ్ళొచ్చాండీ?" వెళ్ళొచ్చనో, వద్దనో ఒక్క ముక్కలో చెప్పెయ్యడం తేలికే. కాని ఆ జవాబు వల్ల ఎవరికీ పెద్ద ఉపయోగం వుండదు. తెలుసుకోవలసినవి వేరే నాలుగు సంగతులున్నాయి. ఆవిడ ఆగకుండా ఎంత దూరం నడవగలదు? ఎన్ని మెట్లు ఎక్కి దిగగలదు? ఎంతసేపు నిలబడగలదు? ఎంతసేపటికొకసారి బాత్‌రూముకి వెళ్ళవలసి వస్తుంది? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాసుకుంటే ప్రయాణం సగం కుదిరినట్టే.

తిరుపతికీ కాశీకీ వెళ్ళేవాళ్ళకి చెప్పే ఈ మాటలే ఇప్పుడు ఓడ ఎక్కేవాళ్ళకీ చెప్పవలసి వస్తోంది. 1933లో మొదలైన మన విశాఖ రేవులో విహార నౌకల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 2023లో ప్రారంభమయింది. 2025 జులైలో 'ఎంప్రెస్' అనే పెద్ద ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చి, పుదుచ్చేరి మీదుగా మళ్ళీ చెన్నై చేరింది. ఆ ఓడలో మా పెద్దమ్మ వచ్చింది.

పెద్దమ్మకి డెబ్భై తొమ్మిదేళ్ళు. చెన్నై పెరంబూరులో కొడుకు దగ్గర వుంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రక్తపోటు వుంది. కాళ్ళవాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఒకటి రోజూ పొద్దున్నే వేసుకుంటుంది. మా అమ్మ ఆవిడకి చెల్లెలు. మూడేళ్ళ క్రితం అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతోంది. గోపాలపట్నంలో మేముండేది మేడమీద. లిఫ్టు లేదు, పదిహేడు మెట్లు. ఆసుపత్రికి తప్ప అమ్మ కిందికి దిగింది లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆరేళ్ళయింది.

మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, ఫోన్ చేసి, "ఒరేయ్, ఓడ పొద్దున్న వస్తుంది, సాయంత్రం మళ్ళీ ఎక్కెయ్యాలి. ఆ మధ్యలో అమ్మకి వైజాగంతా చూపించెయ్యాలి" అని ఒక జాబితా చదివాడు. కైలాసగిరి, జలాంతర్గామి, రుషికొండ, బొర్రా గుహలు, సింహాచలం.

జాబితాలో తప్పేమీ లేదు. అయితే అది కుర్రకాళ్ళకి రాసిన జాబితా. బొర్రా గుహలు ఊరికి సుమారు తొంభై కిలోమీటర్లు. పోనూ రానూ పొద్దు కారులోనే గడిచిపోతుంది. అక్కడికి వెళ్ళాక మెట్లు దిగాలి, దిగినవన్నీ ఎక్కాలి. బీచి రోడ్డులో 2002 నుంచి ప్రదర్శనశాలగా వున్న 'కుర్సురా' జలాంతర్గామి చూడవలసినదే. కాని లోపల దారి ఇరుకు. గుండ్రటి గుమ్మాల్లోంచి ఒంగి, కాలెత్తి దాటాలి. మోకాలు ముడవలేనివాళ్ళు దాన్ని బయట నుంచి చూసి సంతోషించడం మేలు. కైలాసగిరి మీదికి కారు పోతుంది. సింహాచలం కొండ మీదికీ పోతుంది. కింద నుంచి వున్న వెయ్యి పైచిలుకు మెట్లు ఎక్కవలసిన పని లేదు. అయితే కారు దిగాక గుడిదాకా నడక, క్యూలో నిలబడడం, గుడి మెట్లు వుండనే వున్నాయి. దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే సింహాచలం మా ఇంటికి దగ్గర. పెద్దమ్మ మోకాళ్ళతో కొలిస్తే బాగా దూరం.

"అన్నయ్యా, ముందు పెద్దమ్మకి ఏం కావాలో అడుగు" అన్నాను. ఆయన ఫోన్ ఆవిడకిచ్చాడు. "నాకు మీ అమ్మని చూడాలనుందిరా. తరవాత ఓపికుంటే అప్పన్న దర్శనం" అంది పెద్దమ్మ. అయిదింటి జాబితా రెండింటికి దిగింది. ఆ రెండింటిలోనూ ఏది ముందో తేలిపోయింది.

ఇక తేదీ. వాళ్ళకి జులై 2, జులై 9 రెండూ వీలుగానే వున్నాయి. 9వ తేదీన సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు లక్షలాది భక్తులు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారి మా గోపాలపట్నం మీంచే. ఆ రోజు రేవు నుంచి కారులో వచ్చి, మళ్ళీ వేళకి ఓడ అందుకోవడం మాటలు కాదు. అందుకని 2వ తేదీ ఖాయం చేశాం. ఏ ఊళ్ళో దిగబోతున్నా ఆ రోజు అక్కడ తిరునాళ్ళో, ఊరేగింపో వుందేమో ముందుగా కనుక్కోండి.

తరవాత అన్నయ్య చేత ఒక చిన్న పరీక్ష చేయించాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. పెద్దవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి, మామూలుగా మూడు మీటర్లు, అంటే పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి, మళ్ళీ కూర్చోమనండి. గడియారం చూడండి. పన్నెండు సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే వాళ్ళు పడిపోయే ప్రమాదం వున్నట్టు లెక్క. కర్ర వాడేవాళ్ళయితే కర్రతోనే నడవమనండి, పక్కన ఒకరు నిలబడండి. పెద్దమ్మకి ఇరవై ఒక్క సెకన్లు పట్టింది. అంటే మెట్లవంతెన మీదా, కొత్త నేల మీదా ఆవిడ పక్కన ఒక మనిషి తప్పకుండా వుండాలి. ఎక్కువ నడక వున్నచోట చక్రాల కుర్చీ కావాలి. మడిచి కారు డిక్కీలో పెట్టుకునే కుర్చీ ఒకటి వాళ్ళు వెంట తెచ్చుకున్నారు.

ఇక్కడ మా ఇంట్లో ఇంకో సమస్య. పెద్దమ్మ పదిహేడు మెట్లు ఎక్కలేదు. అమ్మ దిగాలంటే భయం. మూడు వారాల వ్యవధి వుంది. అమ్మ చేత రోజూ రెండు పూటలా, గట్టి కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చునే వ్యాయామం చేయించాను. తొడ కండరాలకి బలం వస్తే మోకాలికీ తుంటికీ సగం బరువు తగ్గినట్టుంటుంది. తరవాత మెట్లు, మొదట్లో రోజుకి మూడే. ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు వెయ్యాలి. దిగేటప్పుడు నొప్పి వున్న కాలూ, కర్రా ముందు దించాలి. ఒక చెయ్యి రెయిలింగు మీదే వుండాలి. సాయం చేసే మనిషి దిగేటప్పుడు ఒక మెట్టు కింద వుండాలి, ఎక్కేటప్పుడు ఒక మెట్టు వెనక వుండాలి. పధ్నాలుగో రోజుకి అమ్మ కిందికి దిగి, వీధి అరుగు మీద కూర్చుని, కూరలవాడితో బేరం ఆడింది. మూడేళ్ళ తరవాత!

కింద వాటాలో వుండేవాళ్ళు మంచివాళ్ళు. ఆ పూటకి తమ ముందుగది ఇచ్చారు. పక్కనే కమోడ్ వున్న బాత్‌రూము వుంది. తడిగుడ్డలూ, కాలికి తగిలే పట్టాలూ తీసేశాం. ఇంత ఏర్పాటెందుకు అనుకోకండి. పెద్ద వయసులో తుంటి విరిగితే మనిషి మళ్ళీ మునుపటిలా నడవడం చాలామంది విషయంలో సాధ్యపడదు. ఆ సంగతి మా ఇంట్లో మాకు బాగా తెలుసు.

2వ తేదీ పొద్దున్న నేను రేవుకి వెళ్ళాను. ఓడకీ ఒడ్డుకీ మధ్య వేసే మెట్లవంతెన వాలు ఎప్పుడూ ఒకేలా వుండదు. సముద్రపు పోటు ఆటుల్ని బట్టి మారుతూవుంటుంది. అందుకని తొందరపడకుండా, జనం దిగాక దిగమన్నాను. ఒకటి రెండు రోజులు నీటి మీద వున్నవాళ్ళకి నేల మీద కాలు పెట్టినా ఇంకా ఊగుతున్నట్టే వుంటుంది. కాసేపు కూర్చుని, ఆ తూగు తగ్గాక నడవాలి. కారెక్కేటప్పుడు ముందు సీటు బాగా వెనక్కి జరిపి, ముందు వెనకవేపుగా కూర్చుని, తరవాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఇలా చేస్తే మోకాలు మెలిపడదు.

రేవు నుంచి కంచరపాలెం మీదుగా మా ఇంటికి పది పన్నెండు కిలోమీటర్లు. దారిలోనే గమనించాను. పెద్దమ్మ నాలిక పొడిగా వుంది, మాట మెల్లగా వస్తోంది. ఇల్లు చేరాక పడుకోబెట్టి రక్తపోటు చూశాను. తరవాత నిలబెట్టి చూస్తే ఇరవై ఆరు తగ్గింది. నిలబడిన మూడు నిమిషాల్లో పై సంఖ్య ఇరవై గాని, అంతకంటే ఎక్కువ గాని పడిపోతే అటువంటివాళ్ళకి కళ్ళు తిరిగి పడే భయం వుంది. "పెద్దమ్మా, నీళ్ళు తాగావా?" అనడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా కొంగుముడి విప్పింది. అందులో ఆ పొద్దుటి మాత్ర వుంది.

"దారిలో బాత్‌రూము దొరకదేమోనని రాత్రి నుంచీ నీళ్ళు మానేశానురా. ఇదీ మానేశాను. మీ అందరికీ నా మూలంగా ఇబ్బందెందుకు?" అంది.

పాఠకులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ప్రయాణం అనగానే నీళ్ళు మానెయ్యడం చాలా మామూలు. వాళ్ళు చెప్పరు. మనం అడగం. జులై ఉక్కలో ఒంట్లో నీరు తగ్గితే కళ్ళు తిరుగుతాయి, తికమకపడతారు, మూత్రంలో మంట వస్తుంది, పడిపోతారు. "నీళ్ళు తాగు" అని పదిసార్లు చెప్పడం కంటే, "బాత్‌రూము ఫలానా చోట వుంది, గంటన్నరకొకసారి ఆగుతాం" అని ఒక్కసారి చెబితే వాళ్ళే తాగుతారు. మూత్రం పోయే మాత్ర సొంతంగా మానకూడదు. ఆ రోజుకి వేళ మార్చుకోవచ్చునేమో బయల్దేరకముందే మీ డాక్టర్నడగాలి. పెద్దమ్మ స్థితి చూసి ఆ ఒక్కరోజుకి నేను ఆపించాను. కొంచెం కొంచెంగా మంచినీళ్ళూ, పల్చటి మజ్జిగా ఇప్పించాను. గంటన్నరలో మనిషి తేరుకుంది.

అప్పుడు అమ్మ మెట్లు దిగి వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఏడవలేదు. "నీ జుట్టంతా ఏమైందే?" అని ఒకరు, "నీ పళ్ళేమయ్యాయి?" అని ఒకరు. మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని, ఒకే మంచం మీద పడుకుని, ఎప్పుడో పోయినవాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. రెండున్నరకి అన్నయ్య గడియారం చూసి, "అమ్మా, సింహాచలం వెళ్దామా? కారు పైదాకా పోతుంది" అన్నాడు. పెద్దమ్మ కొండ వున్న వేపు తిరిగి దణ్ణం పెట్టింది. "అప్పన్న ఎక్కడికీ పోడురా. ఇదీ నేనూ అలా కాదు కదా" అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఓడ వేళకి గంటన్నర ముందే రేవు చేర్చాం.

పుదుచ్చేరి సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఒడ్డు దగ్గర లోతు చాలదు. పెద్ద ఓడ దూరంగా నిలుస్తుంది. ప్రయాణికులు చిన్న పడవల్లోకి దిగి ఒడ్డు చేరాలి. ఓడా కదులుతుంది, పడవా కదులుతుంది. ఆ రెండింటి మధ్యా అడుగు వెయ్యడం మోకాళ్ళు బాగాలేనివాళ్ళకి క్షేమం కాదు. అందుకే టికెట్టు కొనేముందే, "ఏ రేవులో ఓడ ఒడ్డుకి ఆనుతుంది, ఎక్కడ పడవలోకి దిగాలి? చక్రాల కుర్చీ దిగడానికి వీలుందా? ఎన్ని గంటలకల్లా తిరిగి రావాలి?" అని కంపెనీవాళ్ళని అడగండి. పెద్దమ్మ పుదుచ్చేరిలో తనంతట తానే దిగనంది. అందరూ దిగిపోయాక ఓడ ఖాళీగా, హాయిగా వుందనీ, గాలికి కూర్చున్నాననీ తరవాత చెప్పింది.

మరికొన్ని జాగ్రత్తలు. మందులు పెట్టెలో కాక చేతిసంచిలో వుండాలి. రెండు రోజులకి అదనంగా తీసుకోండి. మందుల పేర్లూ మోతాదులూ రాసిన కాగితం జతచెయ్యండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటివల్ల వృద్ధులకి మత్తు, తికమక, మూత్రం బిగపట్టడం కలగవచ్చు. అడక్కుండా ఇవ్వకండి. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ వున్నవి వెయ్యండి. కర్ర నొప్పి వున్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. చక్రాల కుర్చీని వాలులో దించేటప్పుడు వెనక్కి తిప్పి, మీరు కింద వేపు వుండి దించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు, వీటిలో ఏది కనిపించినా యాత్ర ఆపి వెంటనే డాక్టర్ని చూడాలి.

ఒక రేవుకి ఒక్క పని పెట్టుకోండి. ఆ పని ఏమిటో పెద్దవాళ్ళనే చెప్పనివ్వండి.